మునిగేవాడి ఉద్యోగం

ఏమే పిల్లా, నిన్నే! ఆ నారింజరంగు జాకెట్టు తొడుక్కోమని చేతికిస్తే కిందేసుకుని దర్జాగా కూర్చున్నావేం? అది దిండు కాదు తల్లీ. లే. లేచి తొడుక్కో. ఏంటీ, ఫోటోలో లావుగా కనబడతావా? జాకెట్టు విప్పినంత మాత్రాన సన్నబడేదానివైతే నేనే విప్పించేవాణ్ణి. అదంతా మీ అమ్మ పోలిక, ఏం చేస్తాం. మూతి ముడుచుకున్నా సరే, అలిగి ఒడ్డుకి దూకినా సరే, నువ్వు ఆ బెల్టులు పెట్టుకునేదాకా ఈ పడవ ఇంజను స్టార్టవదు. నాకేం తొందర్లేదు. ఈలోగా నీకొక కథ చెప్తాను. మేనమామ చెప్పేవన్నీ కోతలే అంటావుగా, ఇది కోత కాదు. కావాలంటే మీ అత్తనడుగు. ఊహూ, వద్దులే, అడక్కు. ఆవిడ చెప్తే నా పరువు ఇంకా పోతుంది.

నువ్వప్పుడు ఇంకా చంకపిల్లవి. మా పడవల సంఘం ఉంది చూశావూ, చుట్టుపక్కల రేవులన్నిటికీ కలిపి ఒకటే సంఘం. అప్పట్లో వాళ్ళు చేసేదల్లా ఏడాదికోసారి రేవు మెట్లకి సున్నం కొట్టించడం, మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి ఫోటో తీయించడం. ప్రతి ఫోటోలోనూ నేను సెక్రటరీగారి తల వెనకాల రెండు వేళ్ళు పెట్టేవాణ్ణి. సంఘం ఆఫీసు గోడమీద ఆయనకి ఇప్పటికీ కొమ్ములుంటాయి, వెళ్ళి చూసుకో. పాపం, ఇంజను సామాన్ల కొట్టు నడుపుకునే పెద్దమనిషి. నన్ను చూస్తే చాలు, తల వెనక్కి చెయ్యి పెట్టుకుని తడుముకునేవాడు.

ఆ సంఘానికి ఉన్నట్టుండి ఒక వేసవిలో మెలకువొచ్చింది. ఊరికే రాలేదులే. అంతకుముందు వానాకాలంలో అవతలి రేవు దగ్గర గాలికి ఒక పడవ తిరగబడింది. అందులో ఉన్నవాళ్ళంతా బతికారు. ఒడ్డు మీంచి వాళ్ళకోసం దూకినవాడు పోయాడు. వాణ్ణి మేం చేప అనేవాళ్ళం. నేనూ వాడూ బడి ఎగ్గొట్టి ఈ నీళ్ళలోనే ఈత నేర్చుకున్నాం. వాడంత ఈతగాడు ఈ రేవుల్లో పుట్టలేదు. ఒకాయన చేతులు కొట్టుకుంటూ మునుగుతుంటే వీడు బాణంలా వెళ్ళాడట. ఆ మునిగేవాడు వీడి మెడ పట్టుకున్నాడట. 'అట' అని ఎందుకంటున్నానంటే, ఆ రోజు నేను ఈ ఒడ్డున ఉన్నాను.

సరే, ఆ సంగతి అక్కడుంచు.

ఆ తర్వాత సంఘం చేప భార్యని మా రేవులో టికెట్ల కిటికీ దగ్గర పనిలో పెట్టింది. జాకెట్లు కొనిచ్చింది. కొనిస్తే ఏం లాభం, మేమంతా నీలాగే వాటిని పరిచి, పాసింజర్లని మెత్తగా కూర్చోబెట్టాం. ఒక సీజను తిరిగేసరికి అవి అప్పడాల్లా అణిగిపోయాయి. బెల్టులు తెగిపోయాయి. అప్పుడు సంఘానికి ఒళ్ళు మండి ఒక ఈత మాస్టారమ్మని పిలిపించింది. సన్నగా, నిటారుగా, మెడలో విజిలేసుకుని, మొహంలో నవ్వన్నది లేకుండా ఉండేది. రేవు పక్కన రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు.

సెక్రటరీగారు లేచి, "ఇకమీదట ప్రతి పడవలోనూ రక్షణ బ్యాడ్జీ ఉన్న మనిషి ఒకరుండాలి. వేసవంతా క్లాసులు. వానలు పడేలోపు పరీక్ష. బ్యాడ్జీ లేని పడవకి రేవులో చోటు లేదు" అన్నారు.

నేనూరుకుంటానా? "సెక్రటరీగారూ, కప్పలక్కూడా పరీక్ష పెడుతున్నారా, లేకపోతే మా ఒక్కళ్ళకేనా?" అన్నాను. షెడ్డంతా గొల్లుమంది.

మాస్టారమ్మ నవ్వలేదు. "మీకు ఈతొచ్చా బాబాయ్‌గారూ?" అంది.

"మా అమ్మ కడుపులోనే మొదలెట్టానమ్మా."

"అయితే మీరు తప్పకుండా రావాలి. ఈత రానివాడు నీళ్ళలోకి దూకడు. వచ్చినవాడే దూకుతాడు" అంది.

అందరూ టికెట్ల కిటికీ వైపు చూసి తలలు దించుకున్నారు. నాకెందుకో ఆవిడమీద కోపమొచ్చింది. "నాకు మూడో క్లాసులోనే బడి మీద విరక్తి పుట్టిందమ్మా. ఇప్పుడు బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళంటే ఏంటో చెప్తానంటే నా వల్ల కాదు" అని లేచి వచ్చేశాను.

ఇంటికెళ్తే అక్కడా జాకెట్లే. తెగిన బెల్టులు కుట్టే పని సంఘంవాళ్ళు మీ అత్తకే ఇచ్చారు. ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. ఎటు చూసినా నారింజరంగు. ఆ గుట్టల మధ్య మిషను టకటకలాడిస్తూ మీ అత్త.

"క్లాసుకి పేరిచ్చారా?" అంది తలెత్తకుండా.

"నేనివ్వను. నీ తమ్ముణ్ణి పంపిస్తా. పడవలో ముందు నిలబడి తాళ్ళు విసిరేది వాడేగా. వాడికి బ్యాడ్జీ వస్తే పడవకి వచ్చినట్టేగా?"

"నేను పడవ సంగతి మాట్లాడట్లేదు."

"మరి?"

మిషను ఆపింది. "రేపు మళ్ళీ ఎవరో పడతారు. మీరు చూస్తూ నిలబడే రకం కాదు. దూకుతారు. దూకి నేరుగా వెళ్తారు. ఆయనా అలాగే వెళ్ళాడు."

నేనేం చెయ్యాలి? ఒక జాకెట్టు తీసి తలకిందులుగా తొడుక్కుని, "చూడవే, పెళ్ళికొడుకులా ఉన్నానా లేదా?" అన్నాను. మామూలుగా అయితే మూతి తిప్పుకునైనా నవ్వుతుంది. ఆ రోజు నవ్వలేదు. దారం పళ్ళతో తెంపి, "నాకు విసుగొచ్చేసిందండీ మీతో" అంది. తిట్టినా బాగుండేది. చాలా మామూలుగా అంది.

మా బావమరిది నీకు తెలుసుగా, ఆ పొడుగాటివాడు, వంగితే తప్ప గుమ్మంలో పట్టడు. వాడు బుద్ధిగా వెళ్ళి పేరిచ్చి వచ్చాడు. నా నెత్తిన బరువు దిగిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మాస్టారమ్మ మా గుమ్మంలో ప్రత్యక్షం. నన్ను క్లాసుకి లాక్కెళ్ళడానికి వచ్చిందని నేను దొడ్డిదారిన జారుకోబోయాను.

"బాబాయ్‌గారూ, మీరు క్లాసుకి రానక్కర్లేదు. నాకొక సాయం కావాలి. మునిగే మనిషి కావాలి" అంది.

"అంటే?"

"పిల్లలూ పెద్దలూ నేర్చుకోవాలంటే ఎవరో ఒకరు మునిగినట్టు నటించాలిగా. మీవాళ్ళెవరికీ చాతకావట్లేదు. మునగమంటే సిగ్గుపడుతున్నారు. ఒకాయనైతే మునుగుతూ నాకు నమస్కారం పెట్టాడు. రేవులో ఎవరినడిగినా మీ పేరే చెప్పారు."

"నా పేరెందుకు చెప్పారు?"

"ఎదుటివాణ్ణి ఏడిపించడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరట."

నా ఛాతీ ఎంత పొంగిందో నీకు చెప్పలేను. లోపల్నించి మీ అత్త, "ఆయన వల్లెక్కడవుతుందమ్మా. అంతా నోటి మాటలే. నీళ్ళలో అంతసేపు ఉండే ఓపిక కూడా లేదిప్పుడు. ఇంకెవరినైనా చూసుకో" అంది.

"ఎందుక్కాదే! ఎందుక్కాదంటా! అమ్మా మాస్టారమ్మా, నేనొస్తున్నా. కానీ ఒక షరతు. ఆ బెంచీల మీద కూర్చోను. పాఠాలు వినను."

"కూర్చోవద్దు, వినొద్దు. మునిగితే చాలు."

అలా నాకు ఉద్యోగమొచ్చింది. నా జన్మలో అంత సరదా ఉద్యోగం ఇంకోటి చెయ్యలేదు. పొద్దున్నే నీళ్ళలోకి దిగడం, లోతు దగ్గరికెళ్ళి చేతులు కొట్టుకోవడం, అరవడం, రక్షించడానికొచ్చిన వాడి ప్రాణం తియ్యడం! ఐసు ఫ్యాక్టరీ పడవ నడిపే ఒకాయన పెద్ద మీసాలేసుకుని వచ్చాడు. ఆ మీసాలు పట్టుకుని వేళ్ళాడాను. ఇంకో కుర్రాడు నా దగ్గరికి రాగానే, "బాబూ, నా కళ్ళజోడు పడిపోయింది, ముందు అది వెతికిపెట్టు" అన్నాను. వాడు నిజంగానే నీళ్ళడుక్కి మునకేశాడు! పైకొచ్చి, "ఏ రంగు ఫ్రేమండీ?" అన్నాడు. నేను అక్కడే నవ్వలేక చచ్చాను. మరొకడికి, "నన్నొదిలెయ్ నాయనా, మా ఆవిడకి చెప్పు, బీరువా తాళం..." అని గుడ్లు తేలేశాను. వాడు భోరుమన్నాడు.

ప్రతిసారీ విజిల్ మోగేది. "ఆగండి. ఇప్పుడేం తప్పు చేశారు?" అని మాస్టారమ్మ గట్టుమీంచి మొదలెట్టేది. ఎన్నిసార్లు తప్పితే అన్నిసార్లూ అదే పాఠం. నేనెక్కడికి పోతాను, వెల్లకిలా తేలుతూ ఉండేవాణ్ణి. ఆవిడ గొంతు చెవిలో జోరీగలా మోగేది. కేక, తాడు, ఓపిక, వీపు. ఎప్పుడు చూడు ఇదే గోల. ముందు కేకెయ్యండి, మునిగేవాడికి మీరున్నట్టు తెలియాలి, పక్కవాళ్ళకీ తెలియాలి. తర్వాత తాడో డబ్బానో తెడ్డో ఏది తేలితే అది అందించండి. ఇంక తప్పదనుకుంటేనే దిగండి. దిగినా దగ్గరికి వెళ్ళకండి, చెయ్యందనంత దూరంలో ఆగండి, వాడు అలిసిపోయేదాకా ఓపిక పట్టండి. అప్పుడు వెనకనించి, వీపు వైపు నించి పట్టుకోండి. విని విని నాకు నిద్రలో కూడా విజిల్ వినపడేది. మీ అత్త నన్ను పక్కకి తోసి పడుకునేది.

ఇంత చెప్పినా ఒక్కడి బుర్రకెక్కదే! అందరికన్నా దరిద్రం మా బావమరిది. వాడు ప్రతిసారీ పొడుగ్గా చేతులు చాపుకుని సరాసరి నా మొహం మీదికే వచ్చేవాడు. నేను మెడ దొరకబుచ్చుకునేవాణ్ణి. వాడు గుటకగుటకగా నీళ్ళు మింగేవాడు. దగ్గుతూ ఒడ్డెక్కేవాడు. రేవంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, మొదట్లో.

తర్వాత్తర్వాత నవ్వు రావడం మానేసింది. ఎందుకంటే ఒక్కొక్క పడవే బ్యాడ్జీ తెచ్చుకుని నీళ్ళమీదికెళ్ళిపోతోంది. మీసాలాయనకొచ్చింది. కళ్ళజోడు వెతికినవాడికి కూడా వచ్చింది. మా పడవ ఒక్కటే రేవు మెట్లకి కట్టేసి ఉంది, కాకులు వాలి కూర్చుంటున్నాయి. ఇంట్లో పొయ్యి మీ అత్త మిషను మీద వెలుగుతోంది. నేను తడిబట్టలతో ఇంటికొస్తే ఆవిడ ఏమీ అనేది కాదు. తువ్వాలు ఇచ్చి మళ్ళీ మిషను ఎక్కేది. ఆ ఊరుకోవడం ఉంది చూశావూ, దానికంటే నాలుగు తన్నులు నయం.

ఒకరోజు ఆవిడ తమ్ముడి బుద్ధులేంటో తేల్చుకుందామని పెరట్లో నిలదీశాను.

"నీకు చెవులున్నాయా లేవా?"

"ఉన్నాయి బావా."

"ఆవిడ పొద్దస్తమానం చెప్పేది వినపడుతోందా?"

"నువ్వు మెడ పట్టుకుంటావుగా బావా, నీళ్ళు చెవుల్లోకి పోతాయి."

"అదేరా నేననేది! నీ మెడ నాకెందుకు దొరకాలి! నువ్వు దగ్గరికెందుకొస్తున్నావు?"

"రక్షించాలిగా మరి!"

తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. చివరికి నేనే వాడికి ట్యూషను మొదలెట్టాను. నవ్వకు. బడి మొహం సరిగ్గా చూడని నేను ట్యూషను! పెరట్లో పొడుగు బెంచీ వేశాను, అది గట్టు. ఒక దిండు విసిరేశాను, అది మునిగేవాడు. నీళ్ళు పట్టుకునే ప్లాస్టిక్ డబ్బాకి మూత బిగించి, పిడికి తాడు కట్టించాను.

"మనిషి పడ్డాడు. ముందేం చేస్తావు?"

"దూకుతాను బావా."

"నీ మొహం! కేక! కేకెయ్యరా ముందు!"

వాడు కేకేశాడు. పక్కింటావిడ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆవిడకి సర్దిచెప్పి పంపించాక మళ్ళీ మొదలు. డబ్బా విసరమంటే మీ అత్త ఆరేసిన బట్టల మీద విసిరాడు. తాడు రెండో కొస చేత్తో పట్టుకోకుండా డబ్బాతోపాటు తాడంతా విసిరేశాడు. "అది నీ దగ్గరుండాలిరా, లేకపోతే లాగేదెలా?" అంటే, "అవును కదూ" అన్నాడు. రోజూ ఇదే. చెప్పి చెప్పి నా గొంతు బొంగురుపోయింది. వాడి మీద అరిచి అరిచి, నీళ్ళలో మునిగే ఓపిక కూడా మిగిలేది కాదు.

ఒకనాడు వాడు బెంచీ మీద కూర్చుని, దిండు వైపు చూస్తూ, "అది సరే బావా, ఆగడమెందుకు? మనకి ఈతొచ్చుగా. గబుక్కున వెళ్ళి లాక్కొచ్చేస్తే పోలా?" అన్నాడు.

"పోదురా. పోదు" అన్నాను. "మునిగేవాడికి నువ్వు మనిషిలా కనపడవు. మెట్టులా కనపడతావు. వాడు మంచివాడే కావచ్చు. నీకు బాగా తెలిసినవాడే కావచ్చు. నీమీద కాలేసి పైకెక్కుతాడు. నువ్వెంత ఈతగాడివైనా సరే, నీమీద ఇంకో మనిషి నిలబడితే..."

ముందుగదిలో మిషను చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు.

"లే," అన్నాను. "మళ్ళీ మొదట్నించి."

పరీక్ష రోజు ఆకాశం నల్లగా కమ్ముకుంది. గాలి లేచింది. రేవు మెట్లమీద ఇసకేస్తే రాలనంత జనం. సెక్రటరీగారు గొడుగేసుకుని కూర్చున్నారు, తల వెనకాల చెయ్యి పెట్టుకుని. మీ అత్త కూడా వచ్చింది, ఒళ్ళో సగం కుట్టిన జాకెట్టు, చేతిలో సూది. ఇంట్లోనే ఉండు, నిన్ను చూస్తే నీ తమ్ముడు ఇంకా కంగారు పడతాడని నేనంటే వినలేదు.

బావమరిది వంతొచ్చింది. నేను నీళ్ళలోకి దిగాను. నీకు నిజం చెప్తున్నా, ఆ రోజు నేనసలు ఏ చిలిపీ చెయ్యలేదు. మెల్లిగా, మర్యాదగా మునిగాను. చేతులు కూడా అందేలా పెట్టాను. ఇంకా ఏం కావాలి మనిషికి? వాడు కేకెయ్యలేదు. డబ్బా విసిరాడు, అది వచ్చి నా నడినెత్తిన తగిలింది. తాడు కాళ్ళకి చుట్టుకుంది. ఆ చుట్టుతోనే దూకాడు. దూకి, ఈది, సరాసరి నా మొహం మీదికి వచ్చి, నన్నే గట్టిగా వాటేసుకున్నాడు!

విజిల్ మోగింది.

నేను ఒడ్డెక్కి, నీళ్ళు కారుతూ, అందరి ముందూ వాణ్ణి కడిగేశాను. "ఒరేయ్, రాయికి చెప్పినా ఈపాటికి నేర్చుకునేదిరా! వేసవంతా గొంతు చించుకున్నాను కదరా! పెరట్లో దిండుని కూడా రక్షించలేకపోయావు కదరా!" వాడు తల దించుకుని చెవుల్లోంచి నీళ్ళు దులుపుకుంటున్నాడు.

"అయితే మీ పడవకి ఈ సీజను లేనట్టే" అన్నారు సెక్రటరీగారు. "మీ ఇంటినించి ఇంకెవరూ లేరా?"

"ఈయనున్నారుగా. ఈయన్ని దింపండి" అంది మీ అత్త.

"నేనా! నేను క్లాసులో చేరనేలేదే? చదవకుండా పరీక్ష రాయమంటావేంటే, అంతమందిలో నవ్వులపాలు చెయ్యాలనా?"

"ఇప్పుడు మాత్రం నవ్వట్లేదేంటి" అంది.

మాస్టారమ్మ అప్పటికే డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "మునిగేదెవరు మరి?" అన్నాను, తప్పించుకోడానికి.

"నేనున్నా బావా!" అని నీళ్ళలోంచి వినపడింది. ఎప్పుడు దిగాడో, వెధవ అప్పుడే లోతు దగ్గరున్నాడు. మొహం వెలిగిపోతోంది. వేసవంతా మింగిన నీళ్ళకి బదులు తీర్చుకునే రోజు వచ్చిందిగా.

విజిల్ మోగింది. వాడు మునిగాడు.

నేను నేర్పిన విద్యంతా నామీదే చూపించాడు. చేతులు కొట్టుకున్నాడు, మునిగాడు, తేలాడు, నీళ్ళు చిమ్మాడు. అంతా నాటకమని నాకు తెలుసు. తెలిసినా, వాడు ఒక్కసారి పైకొచ్చి "బావా!" అని అరిచాడు చూడు, ఆ గాలిలో ఆ అరుపు ఇంకో రకంగా వినిపించింది. నా కాళ్ళు ముందుకి పోయాయి. మెట్టు చివర వేళ్ళు ఆన్చి ఒళ్ళంతా ముందుకి వంగిపోయింది. ఒక్క గెంతు గెంతితే నాలుగు బారల్లో వాడి దగ్గరుంటాను. నాకంతకంటే తేలికైన పని ఈ లోకంలో లేదు.

ఆగాను.

"ఒరేయ్! నేనున్నాన్రా! డబ్బా వస్తోంది, పట్టుకో!" అని కేకేశాను. విసిరాను. వాడి పక్కనే పడింది. వాడు దాన్ని చూసి కూడా తోసేశాడు. అప్పుడు జాకెట్టు బిగించుకుని దిగాను. ఈదుకుంటూ వెళ్ళి వాడి చెయ్యందనంత దూరంలో నిలిచాను. "కాలు పట్టేసింది బావా, చచ్చిపోతున్నా బావా" అన్నాడు. "తెలుసురా, ఇక్కడే ఉన్నా" అన్నాను. "నా కళ్ళజోడు పోయింది" అన్నాడు. "కొనిపెడతాలే" అన్నాను. ఒడ్డుమీద ఎవరూ నవ్వలేదు. ఆగడమంత కష్టమైన పని నా జన్మలో చెయ్యలేదమ్మా. వాడు నావైపు రావడం, నేను అంతే వెనక్కి జరగడం. కేకలు పెడుతూ ఉండటం తప్ప నేనేమీ చెయ్యకపోవడం. ఎంతసేపైందో తెలీదు. వాడి చేతుల జోరు నిజంగానే తగ్గింది. అప్పుడు చుట్టూ తిరిగి వీపు వైపు వెళ్ళాను. గడ్డం కింద చెయ్యేసి, మొహం నీళ్ళ పైకి పెట్టి, వెల్లకిలా ఈదుకుంటూ తీసుకొచ్చాను.

మెట్లెక్కాక వాణ్ణి వదిలి తలెత్తి చూశాను. టికెట్ల కిటికీ తలుపు తెరిచి ఉంది. చేప భార్య బయటికొచ్చి నిలబడి ఉంది. నన్నొకసారి చూసి లోపలికి వెళ్ళి కూర్చుంది. మీ అత్త చేతిలో సూది గుడ్డలోకి సగం దిగి అలాగే ఉండిపోయింది.

మాస్టారమ్మ బ్యాడ్జీ తెచ్చి నా తడి జాకెట్టుకి గుచ్చింది. ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశాను.

"ఇదెలా కుదురుతుందమ్మా, నేనొక్క క్లాసుకైనా రాలేదే" అన్నాను.

"మీరు రాని క్లాసు ఒక్కటి చెప్పండి బాబాయ్‌గారూ."

సెక్రటరీగారు గొడుగు కింద భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నారు. చూస్తే ఆ మీసాలాయన, ఆ కళ్ళజోడువాడు, మెట్లమీదున్న జనమంతా నవ్వుతున్నారు. అంటే సంఘమంతా కలిసి నన్ను బడిలో వేశారన్నమాట. సరే, నాలాంటివాణ్ణి ఆట పట్టించారు, బాగానే ఉంది, ఒప్పుకోవాలి. కానీ పరువు కాస్తయినా నిలబెట్టుకోవాలిగా? అందుకని పక్కన వణుకుతూ నిలబడ్డ బావమరిది భుజం మీద చెయ్యేసి, "పోనీలేరా. అందరికీ రావు ఇలాంటివి. నా బ్యాడ్జీ నీడన నువ్వూ బతికేద్దువుగానిలే" అన్నాను.

వాడు మెడ గోక్కుంటూ వాళ్ళక్క వైపు చూశాడు.

"ఇంక చూపించరా" అంది మీ అత్త.

వాడు తడిచొక్కా లోపలి జేబులో చెయ్యిపెట్టి ఏదో తీశాడు. బ్యాడ్జీ. నాదానిలా మెరవట్లేదు. నీళ్ళలో నాని నాని పిన్ను తుప్పు పట్టింది.

"ఇదెక్కడిదిరా?"

"నాదే బావా. అవతలి రేవులో మొదటి బ్యాచ్‌లోనే వచ్చింది."

"మొదటి బ్యాచ్‌లోనా! మరి పడవ వేసవంతా ఎందుకు కట్టేసి ఉంచార్రా?"

"పడవదేముందండీ," అంది మీ అత్త, సూది పైకి లాగుతూ. "అది ఎప్పుడైనా నడుస్తుంది."

ఆ పెరడు, ఆ బెంచీ, ఆ దిండు, గరిటెతో వచ్చిన పక్కింటావిడ, వీడి కోసం బొంగురుపోయిన నా గొంతు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "ఒరేయ్, అయితే మరి రోజూ నా చేతుల్లో గుటకగుటకగా మింగావే, ఆ నీళ్ళన్నీ?"

వాడు పాపం సిగ్గుపడుతూ అన్నాడు:

"అక్క మింగమంది బావా."